ఐదో సరస్సు నీటిమట్టం

8, సోమవారం

అక్క కొండల మీది ఐదు సరస్సులు చూడాలంది. నాకు రెండు వారాల సెలవు మిగిలి ఉంది. ఆదివారం అనుబంధానికి పర్యాటక వ్యాసం ఒకటి కావాలని ఎడిటర్ ఎప్పటినుంచో అడుగుతున్నాడు. మూడూ కలిసొచ్చాయి, వెళ్తున్నాం. ఇంతకు మించి కారణం లేదు.

వాస్తవాలు రాసి పెట్టుకోవడం మంచిది. ఐదోది, అన్నిటికంటే పైనున్న పెద్ద జలాశయం. దాని గురించి నాలుగు నెలల కిందట నేను రాసిన వార్త మొదటి పేజీలో వచ్చింది. అక్కడ గేజ్ రీడర్‌గా పనిచేసే ఆవిడ రోజూ పొద్దున ఆరింటికి నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయాలి. ఆవిడ చూడకుండానే ఇంట్లో కూర్చుని అంకెలు వేస్తోందని రాశాను. ఆ రోజు రిజిస్టర్లో 28.10 మీటర్లు. నీళ్ళలో ఉన్న స్కేలు పలక మీద 26.40. ఫోటో నేనే తీశాను. అంకె స్పష్టంగా కనిపిస్తోంది. మూడో రోజు ఆవిణ్ణి సస్పెండ్ చేశారు. ఈ నెల 24న విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు.

వార్త వచ్చిన వారానికి ఆవిడ రాసిన కార్డు అందింది. "మీరు చూసింది నా స్కేలు కాదు. వచ్చి చూడండి." అంతే. ఇలాంటివి నెలకి పది వస్తాయి. సొరుగులో పడేశాను.

సర్దుకుంటుంటే ఇవాళ అది దొరికింది. పుస్తకంలో గుర్తుగా పెట్టుకోవడానికి పనికొస్తుందని బ్యాగులో వేసుకున్నాను.

9, మంగళవారం

మొదటి సరస్సు. చుట్టుకొలత మూడు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టూ నిటారు చెట్లు, నీళ్ళ అంచు దాకా. నడవడానికి యాభై ఐదు నిమిషాలు పట్టింది. అక్కకి అరవై ఒకటి, నాకు యాభై మూడు. అడుగడుగునా ఆగింది నేనే.

అక్క ముప్పై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పింది. బోర్డు మీద ఇన్ని సరస్సులు గీసిందట, ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదట. అందుకే పదవీ విరమణ రోజున వాళ్ళిచ్చిన దండ మెళ్ళో ఉండగానే ఈ జాబితా రాసుకుంది. కారు కూడా తనే నడుపుతోంది. నేను నడిపితే ప్రతి మైలురాయి దగ్గరా ఆపి రాసుకుంటానట.

నీళ్ళ రంగుకి అక్క నాలుగు పేర్లు పెట్టింది. నేను 'ఆకుపచ్చ' అని రాసుకున్నాను.

తూము గోడకి స్కేలు పలకలు బిగించి ఉన్నాయి. చూశాను.

10, బుధవారం

రెండోది, మూడోది. రెండోది చిన్నది, బొగడ పువ్వంత అని అక్క మాట. మూడోది జలాశయం. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి ఇంకా నీళ్ళలోనే నిలబడి ఉంది. ఆకుల్లేని మానులు, తెల్లగా, వందల కొద్దీ. పొద్దున పదింటికి మంచు విడిపోయి వాటి మీద ఎండ పడింది. అక్క పావుగంట సేపు మాట్లాడలేదు. నాకు తెలిసినంతలో ఇది రికార్డు.

అక్కడి గేజ్ రీడర్ ఖాళీగా ఉంటే కాసేపు మాట్లాడాను. మట్టం ఎలా చూస్తారని అడిగాను. పర్యాటక వ్యాసానికి ఇలాంటి వివరాలు అందాన్నిస్తాయి. అల ఎక్కినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఒక అంకె చూసి, మధ్యది తీసుకుంటాడట. పలకలు ఒక్కోటి మీటరు పొడవు. ఒడ్డు మీంచి లోతుకి మెట్ల వరసలా దిగుతూ ఉంటాయి. నీళ్ళు ఏ పలక మీద ఉంటే ఆ పలక చదవాలి.

"ఏదైనా బండలో పాతాలి సార్" అన్నాడు. "బండలో పాతకపోతే అది స్కేలు కాదు, అలంకారం."

కారెక్కాక అక్క అడిగింది: "వచ్చినవాళ్ళంతా నీళ్ళు చూస్తుంటే నువ్వు గోడలు చూస్తావేంట్రా?"

వ్యాసం కోసమని చెప్పాను. అక్క గేరు మార్చింది.

11, గురువారం

నాలుగోది. వాన. అక్క ఈదింది. నేను గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను.

12, శుక్రవారం

ఐదోది. మధ్యాహ్నం చేరాం. మలుపు తిరగ్గానే ఒక్కసారిగా కనిపిస్తుంది. ఆరు చదరపు కిలోమీటర్ల నీళ్ళు, మూడు వైపులా కొండ, నాలుగో వైపు ఆనకట్ట. అవతలి కొండ మీది అడవి మొత్తం నీళ్ళలో తలకిందులుగా ఉంది. ఎవరైనా బాగుందనే అంటారు. నేనూ అంటాను. బాగుంది.

బోట్లు ఎక్కే జెట్టీ దగ్గరికి వెళ్ళాం. పోయినసారి ఫోటో తీసింది అక్కడే. పలక అలాగే ఉంది, తెల్ల రంగు మీద నల్ల గీతలు.

26.40.

నాలుగు నెలల కిందటా 26.40. నీళ్ళు ఎండల్లో దిగి, వానలకి మళ్ళీ ఎక్కి, సరిగ్గా అదే చోటికి వచ్చి ఉండొచ్చు. అలా జరుగుతుంది.

13, శనివారం

రాత్రంతా వాన. పొద్దున వెళ్ళాను. నిన్న జెట్టీ పక్కనున్న రాతి మెట్లు నీళ్ళ పైన తొమ్మిది లెక్కపెట్టాను. ఇవాళ ఆరు.

పలక మీద 26.40.

జెట్టీ మీద బోర్లా పడుకుని చెక్కల సందులోంచి కిందకి చూశాను. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు. ఇరవై దాకా ఉన్నాయి. జెట్టీని వాటి మీద కట్టారు. నాలుగు మూలలా గొలుసులు. పలకని జెట్టీ అంచున నీళ్ళలోకి దిగిన కొయ్యకి మేకులతో కొట్టారు.

జెట్టీ తేలుతుంది. నీళ్ళు పెరిగితే జెట్టీ పెరుగుతుంది, దాంతో పాటు పలకా పెరుగుతుంది. తగ్గితే తగ్గుతుంది. అది ఎప్పుడూ 26.40 చూపిస్తుంది. సరస్సు ఎండిపోయే దాకా 26.40 చూపిస్తుంది.

అరగంట అలాగే పడుకున్నాను. ఎవరో పర్యాటకుడు పక్క నుంచి దాటుకుంటూ, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. చాలా బాగుందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఎందుకు కాదో ఇంకా తెలియలేదు.

హోటల్లో మూడు గుడ్లు తిన్నాను. ఈల వేస్తున్నావేంట్రా అంది అక్క. వేస్తున్నట్టు నాకు తెలీదు. అప్పుడు కార్డు తీసి చూపించాను, జరిగింది మొదటి నుంచీ చెప్పాను. అంతా విని అడిగింది: "అయితే ఈ ఐదు సరస్సులూ నా కోసం కాదన్నమాట?"

నాలుగు నీ కోసమే అన్నాను.

14, ఆదివారం

బోటు నడిపేవాడితో మాట్లాడాను. నలభై ఏళ్ళుంటాయి, మాటకారి. రెండేళ్ళ కిందట వరదకి ఒక పలక ఊడి బురదలో దొరికిందట. పారేయడం ఎందుకని కడిగి జెట్టీకి కొట్టాడట. పర్యాటకులు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. "కాస్త ఆఫీసు కళ వచ్చింది సార్" అన్నాడు.

ఆవిడ సస్పెండ్ అయ్యాక మట్టం ఎవరు చూస్తున్నారని అడిగాను.

"నేనే."

ఎక్కడ చూస్తున్నాడని అడిగాను. జెట్టీ వైపు చెయ్యి చూపించాడు. ఆఫీసు వాళ్ళు పేపర్లో ఫోటో చూపించి, ఇదిగో ఈ పలకే చూసి రోజూ ఫోన్లో చెప్పు అన్నారట. చెప్తున్నాడు. ఎంత చెప్తున్నాడని అడగక్కర్లేదు, అయినా అడిగాను.

అతని దగ్గరున్న రిజిస్టర్ నకలు చూశాను. నూట పద్దెనిమిది రోజులు. ఎండాకాలం, తొలకరి, వరుస వానలు. నూట పదిహేడు వరసల్లో 26.40. ఒక్క వరసలో 26.41 ఉంది. ఆ రోజు బోటువాడి బావమరిది పక్కన కూర్చున్నాడట.

చూడకుండా అంకెలు వేస్తున్నారని ఆవిడ మీద రాసినవాణ్ణి నేను. నేను రాశాక నాలుగు నెలలుగా ఈ సరస్సు మట్టం ఎవరూ చూడలేదు.

ఇది రాస్తుంటే నవ్వొచ్చింది. నవ్వాల్సిన విషయం కాదు.

15, సోమవారం

ఆవిడ ఇంటికి వెళ్ళాం. స్టాఫ్ క్వార్టర్స్‌లో మూడో ఇల్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గడప మీద కూర్చుని గొడుగు ఊచ సరిచేస్తోంది. తలెత్తి నన్ను చూసి, మళ్ళీ గొడుగు చూసుకుంది.

"విలేకరిగారు వచ్చారా. నాలుగు నెలలు పట్టిందే. బస్సులు నడవడం లేదా?"

జెట్టీ తేలుతోందని చెప్పాను.

"అదే కదా రాశాను."

"మీరు రాసింది ఒక్క లైనే అమ్మా."

"మీరు అరపేజీ రాశారు. ఏది నిజం?"

అక్క నా వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది, గొడుగు అందుకుని రెండో కొస పట్టుకుంది. అక్కడి నుంచి వాళ్ళిద్దరూ ఒక పార్టీ.

ఆవిడ చెప్పింది ఇది. అసలు పలకలు ఆనకట్ట దగ్గరి నీటి టవర్ వెనకాల, బండలో పాతి ఉన్నాయి. ఒడ్డు మీంచి కనిపించవు. నూట పన్నెండు మెట్లు దిగాలి. ఇరవై ఏడేళ్ళలో రోజూ దిగింది, రోజూ ఎక్కింది. నాలుగేళ్ళలో ముగ్గురు ఇంజినీర్లు మారారు, ముగ్గురిలో ఒక్కరూ దిగలేదు. కొట్టుకుపోయిన పలక చోట కొత్తది తనే దగ్గరుండి పాతించింది. సంజాయిషీలో ఇదంతా రాసింది. ఫోటో ఉంది కదమ్మా, ఫోటో అబద్ధం చెప్తుందా అన్నారట.

ఇప్పుడు మట్టం ఎంతుంటుందో చూపించమని అడిగాను.

"నేను సస్పెన్షన్లో ఉన్నాను. టవర్ గేటు దాటితే దానికి ఇంకో విచారణ. మీకు కాళ్ళున్నాయి కదా."

ఆరింటికి లేవనవసరం లేకుండా ఉండటం ఎలా ఉందని అక్క అడిగింది. మొదటి వారం ఎనిమిది దాకా పడుకుందట. "ఒళ్ళు నొప్పులొచ్చాయి" అంది.

కాపలాదారు ప్రెస్ కార్డు చూసి గేటు తీశాడు. దిగాను. నూట పన్నెండు సరిపోయింది. మెట్ల మీద పాచి లేదు, ఒక పక్కగా ఒకే మనిషి నడిచిన అరుగుదల ఉంది. కింద పలక మీద అల ఎక్కితే 29.38, దిగితే 29.32. మధ్యది 29.35.

ఎక్కడానికి ముప్పై ఒక్క నిమిషాలు. మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నాను.

16, మంగళవారం

ఇంజినీరుకి ఫోన్ చేశాను. వచ్చి ఆరు నెలలైందట. మర్యాదస్తుడు. రిజిస్టర్లో 26.40 ఉందండీ అన్నాడు. నిన్నా 26.40 ఉందా అన్నాను. ఉందన్నాడు. మొన్న? ఉంది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. ఆనకట్ట నిండు మట్టం 31, గేట్లు ఎత్తాల్సింది 30 దాటగానే. అసలు మట్టం నిన్న 29.35, ఇంకా వాన పడుతోంది అని చెప్పాను. కాగితాల చప్పుడు ఆగింది.

గంటలో తనే ఫోన్ చేశాడు. అప్పటికే తన మనిషిని మెట్లు దింపాడట, ఇక పూటపూటా దింపుతాడట. కానీ సస్పెన్షన్ ఎత్తే అధికారం విచారణాధికారిది. ఆయన్ని అడిగి విచారణ 24 నుంచి 19కి జరిపించాడు. ఆఫీసులో కాదు, ఇక్కడే.

తర్వాత ఎడిటర్‌కి ఫోన్. పదేళ్ళు నా కింద పనిచేసినవాడు, ఇప్పుడు నా పైన. అన్నా, విచారణ తేలనివ్వు, తేలాక చిన్న సవరణ లోపలి పేజీలో వేద్దాం, నువ్వు సాక్షిగా నిలబడితే పేపరు పరువేంటి అన్నాడు. ఆ వార్తకి మనకి బహుమతి వచ్చిందని కూడా గుర్తు చేశాడు. మర్చిపోలేదు. వేదిక మీద నేనే తీసుకున్నాను.

"ఫోటో నాది. దాని గురించి నేనే చెప్తాను. తప్పు మొదటి పేజీలో పడింది, సవరణా అక్కడే పడుతుంది. లేదంటే ఇంకో పేపర్లో పడుతుంది."

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఎన్ని కాలమ్‌లు కావాలి అన్నాడు ఎడిటర్.

17, బుధవారం

వాన. మట్టం 29.70.

18, గురువారం

రేపే. నోటితో చెప్తే నమ్ముతారా అన్నది నా అనుమానం. ఫోటో చూసి తీర్పు చెప్పినవాళ్ళు వాళ్ళు. ఫోటోని మాటతో కొట్టలేం.

అక్కని జెట్టీ అంచున నిలబడి గెంతమన్నాను. ఎందుకని అడక్కుండా గెంతింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని. ఊపు తగ్గాక పలక చూశాను. 26.42.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

19, శుక్రవారం

పొద్దున పదకొండింటికి రెండు కార్లలో వచ్చారు. విచారణాధికారి భారీ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఇద్దరు సభ్యులు, ఇంజినీరు, గుమాస్తా, ఫైలు మోసే ప్యూను. ఫైలు మీద నా ఫోటో, పెద్దది చేయించి పెట్టారు. ఆవిడ ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని ఒడ్డున నిలబడింది. సస్పెన్షన్లో యూనిఫాం వేసుకోవచ్చా అని గుమాస్తా గొణిగాడు. ఉతికింది నేనేనని అక్క చెప్పింది. దానికి రూల్ ఏముంటుందో తెలియక ఊరుకున్నాడు.

ఫోటో తీసింది మీరేనా అని అధికారి అడిగాడు. నేనే అన్నాను. అందులో అంకె నిజమేనా? అంకె నిజమే, నేను రాసింది తప్పు అన్నాను. ఒక్కసారి పలక దగ్గరికి వచ్చి, అంకె మీరే చదవమని కోరాను.

ఒడ్డు మీంచే అందరూ చదివారు. 26.40. గుమాస్తా రాసుకున్నాడు.

తర్వాత ఒక్కొక్కరినే జెట్టీ మీదికి, పలక ఉన్న అంచుకి రమ్మన్నాను. ముందు ప్యూను. తర్వాత గుమాస్తా. ఇద్దరు సభ్యులు. ఇంజినీరు. ఆరోవాడిగా బోటువాడు ఎవరూ పిలవకుండానే ఎక్కాడు. అధికారి చివర ఎక్కాడు. ఆయన అడుగు పెట్టగానే జెట్టీ మూలిగింది.

"ఇప్పుడు చదవండి సార్."

ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "26.52."

ఒడ్డు మీంచి అక్క గొంతు వినిపించింది. బడి గొంతు, ఆఖరి బెంచీ దాకా వెళ్ళేది. ఆరు చదరపు కిలోమీటర్ల సరస్సు పన్నెండు సెంటీమీటర్లు పెరిగితే ఏడు లక్షల ఇరవై వేల ఘనపు మీటర్లు. కింద ఊరికి రోజుకి ముప్పై ఆరు వేలు పోతాయి. "ఏడుగురు నిలబడ్డారు, ఊరికి ఇరవై రోజుల నీళ్ళొచ్చాయి. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటే ఎండాకాలం గట్టెక్కుతాం."

మొదట నవ్వింది అధికారి. ఆయన నవ్వుకి జెట్టీ ఊగింది, పలక మీద అంకె 26.52 నుంచి 26.58కి, అక్కడి నుంచి 26.47కి ఎగిరింది. గుమాస్తా రాసుకోవాలో వద్దో తెలియక కలం పట్టుకుని నిలబడ్డాడు. అధికారి నవ్వు ఆపుకోలేక అతని భుజం పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

తర్వాతంతా పది నిమిషాల పని. రిజిస్టర్లో నూట పద్దెనిమిది వరసలు చూపించాను. అధికారి ఒక్కో పేజీ తిప్పుతుంటే ఇంజినీరు నేల చూశాడు. సస్పెన్షన్ అప్పటికప్పుడే రద్దు. జీతం, సర్వీసు, అన్నీ మొదటి రోజు నుంచి లెక్క. అధికారి సంతకం పెట్టి, ఆవిడ వైపు తిరిగి, ఇవాళ మట్టం ఎంతో చూసి చెప్తారా అని అడిగాడు. 'చెప్తారా' అన్నాడు. రాసుకున్నాను.

ఆవిడ దిగింది. మేమందరం పైనే నిలబడ్డాం. ఇంజినీరు మాత్రం ఆవిడ వెనకాలే దిగాడు. ఎవరూ దిగమనలేదు. పావుగంటలో ఆవిడ పైకొచ్చింది, మామూలుగా ఊపిరి పీలుస్తూ. ఇంజినీరు ఇంకా అరవయ్యో మెట్టు దగ్గరున్నాడు. పొద్దున అతని మనిషి చెప్పింది 30 లోపే. ఆవిడ టవర్ గదిలో ఫోన్ తీసి కంట్రోల్ రూంకి చెప్పింది.

"ముప్పై పాయింట్ ఒకటి రెండు."

అటువైపు ఏదో అడిగారు.

"నేనే. రాసుకోండి."

సైరన్ మూడుసార్లు మోగింది. కింద నది పక్క దారులు ఖాళీ చేయించడానికి గంట పట్టింది. మధ్యాహ్నం రెండింటికి గేట్లు ఎత్తారు. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత నాలుగూ. నీళ్ళు తెల్లగా విరుచుకుపడ్డాయి. తుంపర ఆనకట్ట మీది దారి దాకా లేచింది, లోయ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఇంద్రధనుస్సు పడింది. పర్యాటకులు, బోటువాళ్ళు, హోటలువాళ్ళు అందరూ పరిగెత్తుకొచ్చారు. బాగుంది అని రాస్తే చాలదు. ఇంకో మాట దొరకలేదు. అక్కని అడగాలి.

ఆవిడ రెయిలింగ్ పక్కన నిలబడి ఉంది, తడిసిపోయి, గొడుగు మూసే ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"క్షమించండమ్మా" అన్నాను.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నీళ్ళ హోరు. ఇంకాస్త గట్టిగా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంటర్వ్యూల్లో, ప్రెస్ మీట్లలో, మంత్రుల ముందు, ఎక్కడా గొంతు పెంచలేదు నేను. పెంచినవాళ్ళని చూసి నవ్వుకునేవాణ్ణి. ఊపిరి బిగబట్టి అరిచాను.

"నాది తప్పు. క్షమించండి."

అధికారి తిరిగి చూశాడు. ఇంజినీరు, గుమాస్తా, బోటువాడు, వంద మంది పర్యాటకులు తిరిగి చూశారు.

"ఇప్పుడు వినిపించింది" అంది ఆవిడ.

ఇరవై ఏడేళ్ళు ఈ హోరులో నిలబడి ఫోన్లో అంకెలు విని, చెప్పిన మనిషి. మొదటిసారే వినిపించి ఉంటుందిరా అంటోంది అక్క, కారు నడుపుతూ, నవ్వి నవ్వి ఏడుస్తూ. ధ్రువీకరణ లేదు. వార్తలో రాయను.